మా పిన్ని వేళ్ళ మీది మీటింగు

మా పిన్ని పోయింది. పోయిన బుధవారం పొద్దున పత్తి చేలో మందు కొట్టిస్తుంటే ఫోను వచ్చింది. చేసింది మా బాబాయి. "అబ్బాయ్, మీ పిన్ని లేవలా" అన్నాడు. ఆ తర్వాత ఫోను పెట్టెయ్యలేదు. ఆయన పక్కన గేదె అరవడం కాసేపు వినపడింది.

నేను వెళ్ళేసరికి ఆమెను వసారాలో చాప మీద పడుకోబెట్టారు. ఆడవాళ్ళు చేతులు రెండూ దగ్గరకు తెచ్చి బొటనవేళ్ళు కలిపి దారంతో కడుతున్నారు. చేతులు సరిగా కుదరడం లేదు. మా పిన్ని ఎడమ చేతికి బొటనవేలు, చూపుడు వేలు తప్ప మిగతా మూడు వేళ్ళూ లేవు.

ఆ మూడు ఎట్లా పోయాయో మా ఊళ్ళో అందరికీ తెలుసు. బయట ఊళ్ళవాళ్ళు గొడవల్లో అవతలి వాళ్ళు నరికారనుకుంటారు. అవతలి వాళ్ళు కాదు, మా వాళ్ళే. అప్పుడు నేను పది అడుగుల దూరంలో ఉన్నాను.

ఆమె మా నాన్న తమ్ముడి భార్య. అయిదో తరగతి చదివింది. అయిదేళ్ళు మా ఊరి తరఫున మండల పరిషత్తులో మెంబరుగా ఉంది. ఆమెకు నేను చేసిన సాయం ఏదైనా ఉంటే, మీటింగులకు నా టీవీఎస్ బండి మీద తీసుకుపోయి తీసుకురావడమే. అందుకని ఆమె గురించి కొన్ని సంగతులు నాకే బాగా తెలుసు. అవి రాస్తున్నాను.

మాది పర్చూరుకు దగ్గర్లో నల్లరేగడి ఊరు. మిరప, పత్తి, కొంచెం పొగాకు పండుతాయి. ఊళ్ళో పై బజారు, కింద బజారు అని రెండు బజార్లు. మాది పై బజారు. రెండు బజార్లకూ మా తాతల నాటి నుంచి పడదు. ఒక డొంక దారి దగ్గర మొదలైందంటారు. ఆ డొంక తారు రోడ్డు కింద ఎప్పుడో కలిసిపోయింది. గొడవ మాత్రం అట్లాగే ఉండిపోయింది. ప్రతి బజారుకూ ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన చెప్పిన పార్టీకే ఆ బజారు ఓటేసేది. చెప్పిన రోజున కర్ర కూడా పట్టేది. మా పై బజారు పెద్దాయనకు కుడి చెయ్యి మా బాబాయి.

తొంభైల్లో మండలానికి ఊరూరి నుంచి మెంబర్లను ఎన్నుకునే పద్ధతి వచ్చింది. మా ఊరి సీటు ఆడవాళ్ళకు కేటాయించారు. పై బజారు పెద్దాయన మా బాబాయి ఇంటి అరుగు మీద కూర్చుని, "మీ ఆవిడ పేరు రాసిచ్చాను రా" అన్నాడు. అప్పుడు మా పిన్ని లోపల రోట్లో పచ్చడి నూరుతోంది. ఆమెను అడిగినవాళ్ళు లేరు. ఆమే లోపలి నుంచి, "పేరు రాసుకుంటే రాసుకోండి. పోటీ చేసేది నేనా మీరా అది కూడా చెప్పండి, నేను మిరప చేలోకి పోవాల" అంది. అందరూ నవ్వారు.

పోలింగు రోజు బడి దగ్గర లైను మీద మొదట రాళ్ళు పడ్డాయి. తర్వాత కర్రలు లేచాయి. తర్వాత బరిసెలు వచ్చాయి. కింద బజారు మనిషి ఒకతనికి డొక్కలో బరిసె దిగింది. పర్చూరు చేరకుండానే ట్రాక్టరు ట్రక్కులో పోయాడు. పొడిచినవాళ్ళలో మా బాబాయి ఉన్నాడని కేసు పెట్టారు. ఉన్నాడు కూడా.

మా పిన్ని గెలిచింది. ఆమె మెడలో దండ వేసి ట్రాక్టరు మీద నిలబెట్టి ఊరేగించారు. ఊరేగింపు కింద బజారు మలుపు దగ్గరకు వచ్చేసరికి ఒక గడ్డివామి మండుతోంది. మా వాళ్ళే అంటించారు. ఆమె దండ తీసి చేత్తో పట్టుకుని అడిగింది.

"ఎవరిదిరా ఆ వామి?"

"అవతలి వాళ్ళదేలే అక్కా, నువ్వు నిలబడు."

"గేదెలు ఏ గుర్తుకేశాయంటరా ఓటు?"

ట్రాక్టరు ఆపించి దిగి ఇంటికి నడిచిపోయింది. ఊరేగింపు ఆమె లేకుండానే జరిగింది. పెద్ద తేడా ఏమీ కనపడలేదు.

మొదటి మీటింగులకు మా బాబాయే వెళ్ళి ఆమె పేరు మీద సంతకం పెట్టి వచ్చాడు. అందరి మొగుళ్ళూ అట్లాగే చేసేవాళ్ళు, ఎవరూ తప్పు అనుకోలేదు. తర్వాత ఆ బరిసె కేసులో పోలీసులు వెతుకుతుంటే ఆయన కొన్నాళ్ళు ఊళ్ళో లేకుండా పోయాడు. మీటింగు కాగితం ఇంటికి వచ్చింది. మా పిన్ని దాన్ని నా చేత చదివించుకుని, "బండి తియ్యి" అంది.

మండలాఫీసు హాల్లో చివరి వరసలో తలుపు పక్కన కూర్చుంది. ఎంపీడీవో అజెండా చదువుతున్నాడు. మా ఊరి కాలనీకి మంచినీళ్ళ పైపు సంగతి వచ్చింది. కాలనీ అంటే కాలవ అవతల కూలివాళ్ళ ఇళ్ళు. "ఆ ఊరి సభ్యురాలు పోయిన రెండు సమావేశాల్లోనూ కోరలేదు కాబట్టి ఈ విడతలో తీసుకోలేదు" అని చదివాడు. మా పిన్ని లేచింది.

"ఆ సభ్యురాలిని నేనేనండీ. నేను ఆ రెండు మీటింగులకు రాలా."

"సంతకం ఉందమ్మా."

"సంతకం వచ్చింది. నేను రాలా."

హాల్లో మొగుళ్ళందరూ కుర్చీల్లో సర్దుకున్నారు. పైపు రాలేదు, వచ్చే విడతకు పేరు మాత్రం ఎక్కింది. బండి మీద తిరిగి వస్తూ ఆమె వెనక ఏదో గొణుగుతోంది. ఏంటని అడిగితే, మర్చిపోకుండా వేళ్ళ మీద పెట్టుకుంటున్నానంది. ఎడమ చేతి చిటికెన వేలు నీళ్ళు. ఉంగరపు వేలు రోడ్లు. నడిమి వేలు బడి. చూపుడు వేలు కరెంటు. బొటనవేలు వీటిలో దేనికీ చెందని ఆఖరి సంగతి. ఆ రోజు నుంచి అదే వరస. ఒక్కసారి కూడా మార్చలేదు.

మా ప్రాంతంలో మిరపకాయలు కోశాక చేలల్లోనే కల్లాలు చేసి ఆరబోస్తారు. ఆడకూలీలు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చుని రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరతారు. ఘాటుకు గొంతులు మండుతుంటాయి. రెండు బజార్ల ఆడవాళ్ళూ, కాలనీ వాళ్ళూ పనికి కలిసే చోటు అదొక్కటే. మా పిన్ని ఊళ్ళోకి వస్తూనే కల్లంలోకి పోయి, చీర చెంగు ముక్కుకు చుట్టుకుని, వాళ్ళ పక్కన కూర్చుని తనూ తాలు ఏరుతూ చెప్పడం మొదలుపెట్టేది. ఎవరెవరు వచ్చారు, తను ఏమడిగింది, వాళ్ళు ఏమన్నారు. కాదన్నది కూడా చెప్పేది. మధ్యలో ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే ఆ వేలు అట్లాగే పట్టుకుని, "వరస తప్పనియ్యకండమ్మా, నేను మర్చిపోతా" అనేది. చివర ఎప్పుడూ ఒకటే మాట: "తెలిసింది ఇది. తెలియంది అడిగొస్తా."

కాలనీలో కోటమ్మ అని ఉండేది, ఉంది. కల్లంలో అందరికంటే చెయ్యి జోరు, నోరు ఇంకా జోరు. మా పిన్ని చిటికెన వేలు పట్టుకోగానే, "మెంబరమ్మా, ఆ నీళ్ళ వేలు చూపించీ చూపించీ అరిగిపోయిద్ది గానీ మాకు నీళ్ళు రావు" అనేది. కల్లమంతా దగ్గుతూ నవ్వేది. మా పిన్ని కూడా నవ్వి, "అరిగితే అరిగిద్ది, పట్టుకునే ఉంటాలేవే" అనేది.

ఆమె మా కల్లాలతో ఆగలేదు. కింద బజారు కల్లాలకూ పోయేది. ఎందుకు పోతున్నావని మా బాబాయి అడిగితే, "మెంబరు ఊరికంతటికీ అని కాగితం మీద ఉంది" అంది. మొదటిసారి పోయినప్పుడు కింద బజారు పెద్దాయన కల్లం గట్టున నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను బండి దిగకుండా స్టార్టులోనే ఉంచాను.

"ఏం మెంబరు గారా, మా కల్లంలో తాలు ఏరడానికి వచ్చారా? కూలి ఎంతివ్వమంటారు?"

"కూలి వద్దులే అన్నా. కూలోళ్ళకు నీళ్ళ బిందె పెట్టు. పొద్దున్నుంచి గొంతులు మండి చస్తన్నారు."

ఆయన పాలేరును పిలిచి బిందె తెమ్మన్నాడు. ఆమె కూర్చుని చిటికెన వేలు పట్టుకుంది.

ఇదంతా రెండేళ్ళు నడిచింది. ఇంతలో మా బాబాయికి బెయిలు వచ్చింది, ఊళ్ళోకి వచ్చాడు. ఆ ఏడు మిరప కోతల్లో కింద బజారు వాళ్ళు పాత బాకీ తీర్చుకున్నారు. మా పై బజారు మనిషిని, పెద్దాయన మేనల్లుడిని, బస్సు దిగి నడిచొస్తుంటే జనుము చేను పక్కన నరికారు. పట్టపగలు. నేను వెళ్ళి చూశాను. తల పక్కకు తిరిగి ఉంది, చేతిలో బిస్కెట్టు పొట్లం అట్లాగే ఉంది. గొడ్డళ్ళ దెబ్బలు ఎన్నో లెక్కపెట్టింది పోలీసులు, నేను కాదు.

ఆ తర్వాత మా వాళ్ళు నాటుబాంబులు చుట్టించారు. దాచడానికి చోటు కావాలి. ఇళ్ళు సోదా చేస్తారు, వాములు పీకుతారు, బావుల్లోకి దిగుతారు. మా వాళ్ళు చూసిపెట్టుకున్న చోటు మిరప కుప్ప. కుప్పలో చెయ్యి పెట్టి వెతికే కానిస్టేబులు లేడు. ఒక్కసారి కదిలిస్తే ఒళ్ళంతా మంట, తుమ్ములు, కళ్ళు తెరవలేరు. కుక్కలు దగ్గరకే రావు. ఊక పోసిన బకెట్లలో బాంబులు పెట్టి, మా బాబాయి కల్లంలో పెద్ద కుప్ప కింద ఒక మూలన పూడ్చి పైన పట్టా కప్పారు. ఆ మూల పనిచెయ్యొద్దని కూలీలకు చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతారు. అందుకని చెప్పలేదు. కోతల హడావిడిలో కుప్ప మీద కుప్ప పోశారు. మూల ఏదో, పెట్టినవాళ్ళకే గుర్తు లేకుండా పోయింది.

ఆ రోజు నేను మా బాబాయి కల్లం గట్టున టీ తాగుతున్నాను. చప్పుడు చెవులకు తెలియలేదు, ఛాతీకి తెలిసింది. ఆ వెంటనే ఎర్రటి దుమ్ము లేచింది. కారం. కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి ఆడలేదు. చుట్టూ అరుస్తున్నది ఎవరో, దగ్గుతున్నది ఎవరో తెలియడం లేదు. దెబ్బ ఎవరికి తగిలిందో కనుక్కోవడానికి చాలాసేపు పట్టింది. మిరపకాయల మీద రక్తం కనపడదు. చెయ్యి పెట్టి తడి తగిలితేనే తెలుస్తుంది. అట్లా తడుముకుంటూ పోతే కోటమ్మ దొరికింది.

తాలు బస్తా లాగబోతే దాని కింద బాంబు పేలింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగి తోలుకు వేలాడుతోంది. ముఖం చూసి నేను పక్కకు తిరిగాను. మా పిన్ని ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, కళ్ళల్లో కారం పోవాలని నీళ్ళు పోస్తూనే ఉంది. అక్కడ పోయడానికి కళ్ళు లేవు.

గుంటూరు ఆసుపత్రిలో మా పిన్ని నాలుగు రోజులు మంచం పక్కనే ఉంది. మూడో రోజు మా పెద్దాయన మనిషి ఒక కాగితం పట్టుకొచ్చాడు. కింద బజారు వాళ్ళు అయిదుగురు గోడ మీద నుంచి బాంబు విసరగా నేను కళ్ళారా చూశాను, అని కోటమ్మ చెప్పినట్టు అందులో రాసి ఉంది. కట్లు కట్టిన కోటమ్మ ఎడమ చెయ్యి పట్టుకుని వేలిముద్ర వేయించుకుపోయాడు. కోటమ్మ మందుల మత్తులో ఉంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు మార్టూరు దాటాక నెమ్మదిగా అంది.

"అబ్బాయ్, కళ్ళు పోయిన మనిషి చేత చూశానని ముద్ర వేయించారే."

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

కాగితంలో పేర్లున్న అయిదుగురినీ పోలీసులు పట్టుకుపోయారు. వాళ్ళలో ఒకతన్ని అరికాళ్ళు చితికేలా కొట్టారు. ఇది చాలదని మా వాళ్ళు ఆదివారానికి ముహూర్తం పెట్టుకున్నారు. కింద బజారులో మగవాళ్ళు పోలీసులకు భయపడి చేలల్లో ఉంటున్నారు, ఇళ్ళల్లో ముసలివాళ్ళూ ఆడవాళ్ళే. రెండు ఇళ్ళు లేపెయ్యాలని అనుకున్నారు. మిగిలిన బకెట్లు ఇంకా మా కల్లంలోనే ఉన్నాయి. ఊళ్ళో ఎవరిని అడిగినా, కోటమ్మ కళ్ళకు బదులు తీర్చుకోవాలి కదా అనేవాళ్ళు. కోటమ్మ ఇంటి గడప తొక్కనివాళ్ళే ఆ మాట ఎక్కువగా అన్నారు.

ఆ శనివారం మండలం మీటింగు. మా పిన్ని స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని వచ్చి బండి ఎక్కింది. హాల్లో ఈసారి ముందు వరసలో కూర్చుంది. నీళ్ళు, రోడ్లు, బడి అన్నీ అయ్యేదాకా ఓపికగా ఉంది. అధ్యక్షుడు ఇంకేమైనా ఉందా అని అడగ్గానే లేచింది.

"మా ఊళ్ళో బాంబు ఎవరూ విసరలా. మా కల్లంలో మా కుప్ప కింద మా ఆయనా, మా పెద్దాయన మనుషులూ పెట్టారు. పెట్టేటప్పుడు నేను చూశా. చూసి ఊరుకున్నా. ఇంకా అక్కడే ఉన్నాయి. రేపు కింద బజారు మీద వేస్తారంట."

అధ్యక్షుడు మా పార్టీ వాడే. "అమ్మా, ఇది అజెండాలో లేదమ్మా, కూర్చో" అన్నాడు.

"అజెండాలో లేదు, కల్లంలో ఉంది. రాయండి."

వెనక నుంచి ఎవరో, "ఆవిడకు మతి పోయినట్టుంది, ఎవరన్నా ఇంటికి తీసుకుపోండి" అన్నారు. నన్నే అన్నారేమో.

"పోతే పోయింది, రాయండి. రాశాక చదివి వినిపించండి. అప్పుడు సంతకం పెడతా. ఈసారి నా సంతకం నేనే పెడతా."

ఎంపీడీవో రాశాడు. చదివాడు. ఆమె దగ్గరగా వంగి, అయిదో తరగతి అక్షరాలతో పేరు పూర్తిగా రాసింది. మా ఊరి గొడవల వల్ల మీటింగుకు కాపలాగా వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఎస్సై అప్పటికే జీపు దగ్గరకు పోయాడు.

బయటికి వచ్చాక ఆమెను బండి ఎక్కనివ్వకుండా ఆపాను. "పిన్నీ, ఊళ్ళోకి వద్దు. ప్రత్తిపాడు మా అత్తగారింటికి పోదాం. నాలుగు రోజులు పోనియ్యి" అన్నాను.

"మీటింగు కబురు ఎవరు చెప్తారు?"

"ఈసారికి వదిలెయ్యి."

"ఈసారి వదిలితే ఇన్నాళ్ళు చెప్పిందంతా కాలక్షేపం అయిద్దిరా. బండి పోనియ్యి."

రోడ్డు మీద ముందు వచ్చేది కింద బజారు కల్లం. అక్కడే దిగింది. ఆడవాళ్ళు యాభై మంది దాకా ఉన్నారు. కింద బజారు పెద్దాయన గట్టున ఉన్నాడు. చేలల్లో దాక్కున్న అతని మనుషులు కొంతమంది అన్నానికి వచ్చి ఉన్నారు, బరిసెలు పక్కన పెట్టుకుని. ఆమె ఎప్పటిలాగే చెంగు ముక్కుకు చుట్టుకుని కూర్చుంది. తాలు ఏరుతూ చిటికెన వేలు పట్టుకుంది. కాలనీ పైపు ఈ విడతలో మంజూరైంది. ఉంగరపు వేలు, రోడ్డుకు కంకర తోలతారు. నడిమి వేలు, బడికి ఇంకో పంతులు. చూపుడు వేలు దగ్గర ఆగింది.

"ఇది కరెంటుది. ఈసారి కరెంటు మాట రాలా. దీని మీద మా ఇంటి సంగతి చెప్తా" అని, హాల్లో చెప్పింది మొత్తం చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. ఏరుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

మండలాఫీసు ఎదుటి టెలిఫోను బూతు నుంచి మా వాళ్ళకు కబురు ముందే చేరిపోయింది. ఎనిమిది మంది వచ్చారు. ముందు నడుస్తున్నది మా బాబాయి. చేతిలో గొడ్డలి ఉంది. కాయల మీద నడుచుకుంటూ నేరుగా వచ్చి ఆమె మెడకు ఎత్తాడు. ఆమె చూపుడు వేలు పట్టుకునే ఎడమ చెయ్యి అట్లాగే పైకి ఎత్తింది.

నేను బండికి స్టాండు వేశాను. ఆ నిమిషంలో నేను చేసింది అదొక్కటే. చాలామంది ఇన్నేళ్ళలో నన్ను అడిగారు, ఏవేవో చెప్పాను. నిజం ఇది.

మూడు వేళ్ళు మిరపకాయల్లో పడ్డాయి. ఏవి వేళ్ళో ఏవి కాయలో అనిపించింది ఒక క్షణం. గొడ్డలి మళ్ళీ లేవలేదు. మా బాబాయి దాన్ని పట్టుకుని తన చేతికేసి చూసుకుంటున్నాడు. అవతల కింద బజారు మనుషులు బరిసెలు అందుకుని లేచారు. మా వాళ్ళు ఎనిమిది మంది, వాళ్ళు పదిహేను మంది. ఆడవాళ్ళు మధ్యలో ఉన్నారు. ఇంకో అడుగు పడితే ఆ కల్లంలో ఎన్ని శవాలు లేచేవో నేను చెప్పలేను.

మా పిన్ని చెంగుతో చెయ్యి అదిమి పట్టుకుని వాళ్ళ వైపు తిరిగింది.

"కూర్చోండి. మీరు లేస్తే నేను మీ కోసం చెప్పినట్టయిద్ది. నేను మీ కోసం చెప్పలా. ఇది మా ఇంటి గొడవ, మీ బరిసెలు నాకొద్దు. అన్నా, కూర్చోమను వాళ్ళను."

కింద బజారు పెద్దాయన చెయ్యి కిందికి ఊపాడు. వాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది. చెంగు ఎర్రబడి చుక్కలు కారుతున్నాయి. పడిపోతుందనుకున్నాను.

"ఇంకొకటుంది" అంది ఆడవాళ్ళతో. బొటనవేలు మిగిలింది కదా. "గురువారం పశువుల డాక్టరు వస్తాడు. దూడలకు సూదులు వేస్తాడు. తోలుకురండి. తెలిసింది ఇది."

అప్పుడు పక్కకు ఒరిగింది. జీపు చప్పుడు వినపడింది.

ఆ సాయంత్రం పోలీసులు ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకుని మా కల్లంలో కుప్పలు తవ్వి బకెట్లు బయటికి తీశారు. ఆదివారం జరగాల్సింది జరగలేదు. గొడవలు ఆగిపోయాయని మాత్రం రాయలేను. తర్వాత కూడా ఇద్దరు పోయారు, ఇటొకరు అటొకరు. కాకపోతే మిరప కుప్ప కింద మళ్ళీ ఎవరూ ఏమీ పెట్టలేదు.

మా బాబాయి జైలుకు పోయి వచ్చాడు. వచ్చిన రోజు ఆమె కంచం పెట్టింది. ఎడమ చేత్తో కూరగాయ పట్టుకోలేకపోయేది కాబట్టి అప్పటి నుంచి వంకాయలు, బెండకాయలు ఆయనే తరిగిపెట్టేవాడు. వాళ్ళ వసారాలో ఆ దృశ్యం చూసి నాకు చాలాసార్లు లేచి వెళ్ళిపోవాలనిపించింది. ఒకసారి అడిగేశాను, "ఈయనతో ఎట్టా ఉంటన్నావు పిన్నీ?" అని.

"నేను కూడా చూసి ఊరుకున్నదాన్నేగా. నోరున్నదాన్ని ఊరుకున్నా. కోటమ్మ చెయ్యి నా మీద ఉంది" అంది.

పదవి ఉన్నన్నాళ్ళూ మీటింగు నుంచి రాగానే ఆమె కల్లానికి ముందు కాలనీకి పోయేది. కోటమ్మ గుమ్మంలో కూర్చుని వరసగా చెప్పేది. లేని చిటికెన వేలి చోటును కుడి చేత్తో పట్టుకుని నీళ్ళు, దాని పక్క ఖాళీ పట్టుకుని రోడ్లు. కోటమ్మకు అది కనపడదు. ఏడాది పాటు ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. మా పిన్ని చెప్పడం అయ్యాక "తెలియంది అడిగొస్తా" అని లేచి వచ్చేది. నేను బండి దగ్గర నిలబడి ఉండేవాణ్ణి. ఏడాది తర్వాత ఒక రోజు, లేవబోతుంటే గోడవైపు నుంచి గొంతు వచ్చింది.

"పైపు కాలవ దాటిందా?"

"దాటలా కోటమ్మా. వచ్చే నెల అంటన్నారు."

"వచ్చే నెల అని పోయిన నెల అన్నారు. గట్టిగా అడుగు."

బండి ఎక్కాక మా పిన్ని వెనక నా చొక్కా పట్టుకుని కూర్చుంది. మామూలుగా సీటు పట్టుకునేది.

పదవి పోయాక కూడా ఆమె మండలాఫీసుకు పోయి అడిగి వచ్చేది, వచ్చి చెప్పేది. పైపు వచ్చింది. ఆమె చెప్పినదానికంటే మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం పాడె ఎత్తబోతుండగా కోటమ్మ వచ్చింది, కోడలి భుజం పట్టుకుని. జనం దారి ఇచ్చారు. కూర్చుని ఎడమ చేత్తో మా పిన్ని ముఖం తడిమింది, భుజం తడిమింది, అక్కడి నుంచి చేతుల మీదికి వచ్చింది. కట్టిన దారం తగిలితే దాన్ని పక్కకు జరిపింది. చిటికెన వేలు ఉండాల్సిన చోట వేలు పెట్టింది.

"మెంబరమ్మా, నీళ్ళు వస్తన్నయ్. రోజు మార్చి రోజు వదులుతున్నారు. పొద్దున పట్టుకునే వచ్చాం." పక్కకు జరిగింది. "రోడ్డు పాడైంది. వాన నీళ్ళు నిలబడుతున్నాయి." మళ్ళీ జరిగింది. "మా మనవరాలు బడికి పోతంది. అయిదో తరగతి." చూపుడు వేలు దొరికింది, దాన్ని గట్టిగా పట్టుకుంది. దాని మీద ఏమీ చెప్పలేదు. చాలాసేపు పట్టుకునే ఉంది.

మోసేవాళ్ళు నడుములకు తువ్వాళ్ళు బిగించుకుని నిలబడ్డారు. మా బాబాయి చేతిలో నిప్పుకుండలోంచి పొగ వస్తోంది. ఎవరో, "పొద్దు పోతంది, ఇక లేపండి" అన్నారు.

"ఉండండయ్యా, ఇంకొకటుంది" అంది కోటమ్మ. అని బొటనవేలు కోసం తడుముతోంది.